ఊ కొట్టేవారు లేని కథ

బుర్రకథ ఒక్కరు చెప్పే కథ కాదు. నడుమ తంబురా పట్టిన కథకుడు, ఇరుపక్కల గుమ్మెటలు వాయించే ఇద్దరు వంతలు నిలుస్తారు. ఒక వంత హాస్యం పండిస్తాడు. రెండవ వంత ప్రశ్నలతో లోకవ్యవహారాన్ని కథలోకి తెస్తాడు. ఇంటిలో అవ్వ చెప్పే కథకు పిల్లల ‘ఊ’యే వంత. అది ఆగితే కథ ఆగుతుంది.

బళ్ళారి ప్రాంతంలోని దరోజికి చెందిన బుర్రకథ ఈరమ్మ గారు అక్షరాలు నేర్వలేదు. ఆమె పుట్టిన బుడగ జంగాల ఇంటిభాష తెలుగు. కుమారరాముడు, బాలనాగమ్మ వంటి దీర్ఘకథలను ఆమె కన్నడంలో కంఠస్థంగా గానం చేసేవారు. 2014లో ఆమె కన్నుమూశారు. ఇటువంటి కథలను గ్రంథస్థం చేయవచ్చు. వినే అలవాటును గ్రంథంలో దాచలేము.

సరిహద్దు గ్రామాలలో ఈ లోటు మరింత బరువైనది. బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో చదివే బిడ్డకు తెలుగు చెవి ద్వారానే అందాలి. అన్నం, నీళ్ళు, పనిపాటల మాటలు ఇంటిలో వినబడతాయి. శాపం, సాహసం, న్యాయం, పశ్చాత్తాపం వంటి మాటలు కథతోనే వస్తాయి. రాత్రి భోజనం తరువాతి ఆ సమయాన్ని మొదట టీవీ, పిమ్మట సెల్‌ఫోన్ ఆక్రమించాయి. వాటికి ‘ఊ’తో పనిలేదు.

కనుక ఈ రాత్రి చెప్పిన కథను రేపు పిల్లలచేతనే చెప్పించాలి. నడుమ పొరుగుభాష మాట దొర్లితే తప్పు పట్టరాదు. ఈరమ్మ గారి కథలు రెండు భాషల నడుమనే బ్రతికాయి.