చవక నగరం ఎవరికి చవక? పిడుగురాళ్ల నుంచి విశాఖను చూస్తే

పిడుగురాళ్ల సున్నం ఊరు. రాయినీ బొగ్గునీ పొరలు పొరలుగా బట్టీలో పేర్చి కాల్చి ఇక్కడ సున్నం తీస్తారు. ఆ వేడికీ దుమ్ముకీ ఎదురు నిలబడి పనిచేసేది రెక్కలు తప్ప మరో ఆస్తి లేనివాళ్లు. ఇలాంటి కుటుంబంలో పిల్లవాడు నాలుగు అక్షరాలు నేర్చుకుంటే మొదట వచ్చే ఆలోచన, ఏదైనా నగరానికి పోదామని. ‘విశాఖపట్నం అయితే హైదరాబాదంత ఖర్చు కాదంట, సముద్రపు ఊరు, పని దొరుకుద్దంట’ అనే మాట వింటుంటాం. ఈ మాటలో నిజమెంత? చవక అనేదాన్ని ఎవరి కొలతతో కొలవాలి? ఈ వ్యాసం చర్చించేది అదే.

ముందుగా ఒక సంగతి. దళితుడికి నగరం కావాలి. పల్లెను స్వర్గంగా పొగిడేవాళ్లను అంబేద్కర్ 1948 నవంబరు 4న రాజ్యాంగ పరిషత్తులోనే నిలదీశారు. 1985 జులై 17న కారంచేడులో దాడి జరిగినప్పుడు ప్రాణాలు దక్కించుకున్న మాదిగలు పరుగెత్తింది కోస్తా పట్టణమైన చీరాలకే. చర్చి ఆవరణలో తలదాచుకున్నారు, తర్వాత అక్కడే విజయనగర్ కాలనీ కట్టుకున్నారు. ఊరు వెళ్లగొట్టినవాళ్లను పట్టణం నిలబెట్టింది. కాబట్టి నగరంలో ఇల్లంటే మనకు సౌకర్యం మాత్రమే కాదు, భద్రతా గౌరవమూ కూడా.

విశాఖ ఈ రెండూ కొంతవరకు ఇచ్చిన నగరమే. 1933లో ఓడరేవు, 1941లో శంకుస్థాపన జరిగిన ఓడల కర్మాగారం, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం ఈ నగరాన్ని పెంచాయి. ప్రభుత్వరంగంలో రిజర్వేషను ఉంది కాబట్టి దళిత యువకుడికి నెలజీతం వచ్చింది, జీతంతోపాటు కులం అడగని క్వార్టరు వచ్చింది. నిజానికి దళితులకు నగరం చవకైంది ఈ దారిలోనే. ఆ దారి ఇప్పుడు సన్నబడుతోంది. 2021 జనవరిలో కేంద్ర మంత్రివర్గ సంఘం ఉక్కు కర్మాగారంలో నూరుశాతం వాటా అమ్మడానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ప్రైవేటుకు పోతే రిజర్వేషను వర్తించదు.

ఇంకోవైపు నగరానికి కొత్త మెరుగు వస్తోంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను దెబ్బతీసింది. 2016 జనవరిలో స్మార్ట్ సిటీల తొలి జాబితాలో విశాఖ చేరింది. 2020లో రుషికొండ తీరానికి బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. 2025 అక్టోబరులో గూగుల్ డేటా సెంటరు ప్రకటన వెలువడింది. తీరం అందంగా మారిన కొద్దీ తీరం దగ్గరి నేల ధర పెరుగుతుంది. మరి పేదవాడికి ఇల్లెక్కడ?

దీనికి ప్రభుత్వం చెప్పిన జవాబు ఇళ్లస్థలం. 2020 డిసెంబరు 25న మొదలైన పథకంలో పట్టణ పేదలకు 1 సెంటు. సెంటంటే 48.4 గజాలు. అందులోనే వంటిల్లు, మరుగుదొడ్డి, పిల్లల చదువు, ముసలమ్మ మంచం, అన్నీ. ఇల్లు కట్టుకోవడానికి 1.80 లక్షల రూపాయలు సాయం. విశాఖ పేదల పట్టాల పంపిణీని 2022 ఏప్రిల్ 28న ప్రారంభించింది సబ్బవరం మండలం పైడివాడ అగ్రహారంలో. అది నగరం కాదు, పక్కనున్న అనకాపల్లి జిల్లా. 2024లో ప్రభుత్వం మారాక పట్టణాల్లో 2 సెంట్లు ఇస్తామన్నారు. సెంట్లు పెరగడం మంచిదే. అయితే ఆ సెంట్లు ఎక్కడ అన్న ప్రశ్న అలాగే ఉంటుంది.

అసలు ఆ నేల ఎవరిది? విశాఖ చుట్టూ ఇళ్లస్థలాల కోసం 2020 జనవరిలో భూసమీకరణ ఉత్తర్వు వచ్చింది. ఒకప్పుడు భూమిలేని పేదలకు ప్రభుత్వమే పంచిన అసైన్డ్ భూములు అందులోకి వచ్చాయి. ఎకరం ఇచ్చిన అసైన్డ్ పట్టాదారుకు తిరిగి 900 గజాల అభివృద్ధి చేసిన స్థలం. పట్టా లేకుండా పదేళ్లకు పైగా సాగు చేసుకుంటున్నవాళ్లకు 450 గజాలు, ఐదు నుంచి పదేళ్లవాళ్లకు 250. ఎకరమంటే 4,840 గజాలు. లెక్క వేయండి: పట్టా ఉన్నవాడికి మిగిలింది 18 సెంట్ల పైచిలుకు, మూడోవాడికి 5 సెంట్ల పైచిలుకు. స్థలం ధర పెరిగితే లాభమే కదా అంటారు. అమ్ముకునేవాడికి లాభమే, దున్నుకు బతికేవాడికి పని పోతుంది. వాడలో ఒక పేదవాడి చేను తీసి మరో పేదవాడికి గుడిసె జాగా ఇవ్వడమన్నమాట. బంజరాలు, పెద్దల చేతుల్లోని భూములు ఈ లెక్కలోకి ఎందుకు రావు?

ఇక దూరం. నగరంలో పాచిపనికి పోయే తల్లికి రానుపోను రోజుకు 80 రూపాయలు అనుకుందాం. 26 రోజులకు 2,080. అద్దెలో మిగిలింది ఆటోలో పోయింది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం కాబట్టి ఈ బరువు కొంత తగ్గింది. కానీ తెల్లవారుజామున బస్సు ఉండాలి కదా! దారిలో పోయే రెండు మూడు గంటలకు కూలి ఎవరిస్తారు?

సరే, నగరం మధ్యే అద్దెకుందామంటే ‘మీరేమిటోళ్లు?’ అన్న ప్రశ్న గుమ్మంలోనే ఎదురవుతుంది. సూటిగా అడగనివాళ్లు ఇంటిపేరు అడుగుతారు, ‘మాంసం వండుతారా’ అంటారు. ఇల్లు దొరక్క ఎక్కువ అద్దెకు ఒప్పుకోవడం, కులం దాచుకుని బతకడం, ఈ ఖర్చు ఏ సర్వేలోనూ కనపడదు. అదే గది ఒకరికి చవక, మరొకరికి దొరకదు.

కాబట్టి ఏ నగరాన్నయినా చవక అన్నప్పుడు మనం నాలుగు అడగాలి. పనికి ఎంత దూరం? నేల ఎవరి దగ్గర తీసుకున్నారు? పట్టా ఎవరి పేరున, అమ్మకుండా నిలబెట్టుకునే పరిస్థితి ఉందా? కులం చెప్పి కూడా అద్దెకుండగలమా? విద్యార్థులు తమ కాలనీలోనే ఈ నాలుగూ అడిగి రాసుకోవచ్చు. ఉపాధ్యాయులు సెంట్లు, గజాల లెక్కను తరగతిలో వేయించవచ్చు. కార్యకర్తలు పట్టా చేతికి వచ్చిన రోజుతో ఆగకుండా, బస్సూ నీళ్లూ బడీ వచ్చేదాకా అడగాలి.

పిడుగురాళ్ల సున్నం గోడకు ఎక్కితే గోడ ఎవరిదని అడగదు. ఆ సున్నం కాల్చినవాణ్ని మాత్రం నగరం గుమ్మంలోనే ఆపి అడుగుతోంది. ఆ ప్రశ్న ఆగిన రోజునే నగరం మనకు చవకైనట్టు.