ఒకే తీగ మీద మూడు కాపురాలు

పదిమంది పనిచేసే చిన్న కార్యాలయమైనా సరే, ఈనాడు అందులోని కంప్యూటర్లు, ప్రింటర్లు, గోడమీది కెమెరాలు అన్నీ ఒక నెట్‌వర్కులో కలిసే ఉంటాయి. వాటిని కలిపే పెట్టె పేరు స్విచ్చి. దీపం వెలిగించే స్విచ్చికీ దీనికీ పేరులో తప్ప పోలిక లేదు. ఇలాంటి స్విచ్చులు రెండు మూడు ఉన్నచోట వేర్వేరు విభాగాల సమాచారం కలగాపులగం కాకుండా ఎలా నడపాలన్నది నేనీ వ్యాసంలో చెప్పదలచిన విషయం. ఇది కంప్యూటరు విద్యార్థులకు మాత్రమే సంబంధించిన గొడవ అనుకోకండి. మన మార్కులు, మన ఫీజుల లెక్కలు, మన ఇళ్ళ చిరునామాలు కళాశాల ఆఫీసు కంప్యూటర్లలోనే ఉంటాయి గనుక ఇది మనందరి సంగతి.

ముందుగా స్విచ్చి చేసే పనేమిటో చూద్దాం. నెట్‌వర్కుకు తగిలించే ప్రతి పరికరానికీ 48 బిట్ల గుర్తింపు సంఖ్య ఒకటి ఉంటుంది. సమాచారం ఫ్రేములనే చిన్న చిన్న మూటలుగా ప్రయాణం చేస్తుంది. ఏ పరికరం ఏ పోర్టువైపు ఉందో వచ్చే మూటలను చూసి స్విచ్చి తనంతట తానే తెలుసుకుంటుంది. ఆ తర్వాత ఎవరి మూట వారికే అందిస్తుంది. అయితే కొన్ని కేకలు అందరికీ వినబడాలి. అప్పుడే వెలిగిన కంప్యూటరు "నాకు ఐపీ చిరునామా ఎవరిస్తారు?" అని అడుగుతుంది. ఇలాంటి కేకను స్విచ్చి అన్ని పోర్టులకూ పంపుతుంది. ఆ కేక ఎంత మేర వినబడితే అంత మేరా ఒకే ఇల్లన్నమాట. ఆ ఇంట్లో ఎవరైనా ఎవరితోనైనా నేరుగా మాట్లాడవచ్చు.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఒక కళాశాల భవనాన్ని ఊహించుకోండి. కింద ఫీజు కౌంటరు, పరీక్షల విభాగం, లైబ్రరీ. మేడమీద లెక్కల అధికారి గది, పరీక్షల విభాగంవారి రెండో గది, విద్యార్థుల ల్యాబు. అన్నీ ఒకే ఇల్లయితే, ల్యాబులో ఎవరి పెన్‌డ్రైవు నుంచో దిగిన వైరసు మార్కులున్న కంప్యూటరు తలుపు నేరుగా తట్టగలదు. మూడు వర్గాలను తీగలతోనే విడదీద్దామంటే రెండంతస్తులకూ కలిపి ఆరు స్విచ్చులు, మధ్య మూడు కేబుళ్ళు కావాలి. చిన్న ఆఫీసుకు అంత ఖర్చెందుకు?

ఈ ఖర్చు లేకుండా చేసేదే వీలాన్, అనగా ఊహలో గీసిన నెట్‌వర్కు. అమెరికాలోని జెరాక్స్ సంస్థవారి పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో ఈథర్‌నెట్ 1973లో రూపుదిద్దుకున్నది. వీలాన్ భావన 1980లలో బెల్‌కోర్ సంస్థలో డేవిడ్ సిన్‌కోస్కీ కృషి నుంచి వచ్చింది. అన్ని కంపెనీల స్విచ్చులకూ వర్తించే 802.1క్యూ ప్రమాణం 1998లో వెలువడింది.

మన భవనంలో ఫీజులకు 10, పరీక్షలకు 20, విద్యార్థులకు 30 అని వీలాన్ నంబర్లు పెడదాం. 24 పోర్టుల స్విచ్చిలో 1 నుంచి 8 దాకా 10కి, 9 నుంచి 16 దాకా 20కి, 17 నుంచి 23 దాకా 30కి కేటాయిస్తాం. వీటిని యాక్సెస్ పోర్టులంటారు. మేడమీది స్విచ్చిలోనూ అంతే. 24వ పోర్టు నుంచి 24వ పోర్టుకు ఒక్క కేబులు వేస్తాం. దాని పేరు ట్రంకు.

మూడు వర్గాల మూటలూ ఆ ఒక్క తీగ మీదే పోతుంటే, అవతలి స్విచ్చికి ఏది ఎవరిదో తెలిసేదెట్లా? ఒకే బండిలో పోయే తపాలా సంచులకు ఊరిపేరు రాసిన బిళ్ళ కట్టినట్టు, ట్రంకులోకి పంపేటప్పుడు స్విచ్చి ప్రతి ఫ్రేములోనూ నాలుగు బైట్ల బిళ్ళ ఒకటి చేరుస్తుంది. అందులో 12 బిట్లు వీలాన్ నంబరుకే. 12 బిట్లతో 4096 సంఖ్యలు వస్తాయి. 0, 4095 ప్రత్యేకంగా ఉంచినవి గనుక వాడుకకు మిగిలేవి 4094. అవతలి స్విచ్చి ఆ బిళ్ళ చదివి, తీసేసి, ఆ నంబరు పోర్టులకే మూట అందిస్తుంది. కంప్యూటరుకు బిళ్ళ ఊసే తెలియదు.

కనుక ట్రంకు రెండు కొసలకూ ఒకే ఒప్పందం ఉండాలి. నేను చూసిన ఒక ఆఫీసులో మేడమీద ఒక విభాగానికి మాత్రం నెట్‌వర్కు అందలేదు. పక్క గదివాళ్ళకు హాయిగా అందుతోంది. కేబులు మార్చారు, కంప్యూటరు మార్చారు. తీరా చూస్తే ట్రంకులో అనుమతించిన నంబర్ల పట్టికలో ఆ విభాగం నంబరు ఒక కొసన లేదు! పోర్టు దీపం వెలుగుతూనే ఉంటుంది గనుక అనుమానం అటు పోలేదు.

ఇంతకన్నా ప్రమాదకరమైనది బిళ్ళలేని మూట. అలాంటివి వస్తే ఏ వర్గానివిగా లెక్కించాలో ప్రతి ట్రంకు పోర్టుకూ చెప్పి ఉంచుతారు. దీన్ని నేటివ్ వీలాన్ అంటారు. ఒక కొసన అది 10, రెండో కొసన 30 అయితే ఫీజు కౌంటరు మూటలు మేడమీద విద్యార్థుల ల్యాబులో తేలతాయి. రెండు వైపులా ఎవరూ వాడని నంబరు ఒకటే ఇవ్వడం క్షేమం.

మూడోది, రెండో కేబులు ఆశ. ఒకటి తెగితే ఇంకొకటి ఉంటుందని రెండు స్విచ్చుల మధ్య రెండు తీగలు వేస్తే, అందరికీ వేసిన కేక ఒకదాని మీద పోయి ఇంకొకదాని మీద తిరిగి వస్తుంది. ఈథర్‌నెట్ ఫ్రేముకు ఆయువు తీరడమన్నది లేదు. అలా తిరుగుతూ, పెరుగుతూ నెట్‌వర్కునే ముంచేస్తుంది. ఇలాంటి వలయాలను కనిపెట్టి ఒక దారిని మూసి ఉంచే స్పానింగ్ ట్రీ పద్ధతిని 1985లో రేడియా పెర్ల్‌మన్ అనే శాస్త్రజ్ఞురాలు రూపొందించింది. స్విచ్చిలో ఆ సౌకర్యాన్ని ఎన్నడూ ఆపరాదు.

ఇకపోతే, లెక్కల అధికారి లైబ్రరీ ప్రింటరు వాడుకోవాలంటే? 10 నుంచి 30కి మామూలు స్విచ్చి మూట దాటించదు. ఆ పని రౌటరుది, లేదా రౌటరు పని కూడా చేసే మూడవ పొర స్విచ్చిది. ఒక్కొక్క వర్గానికి 192.168.10, 192.168.20, 192.168.30 అంటూ విడివిడి చిరునామాల వరస ఇచ్చి, ప్రతి వరసకూ రౌటరులో ఒక గడప ఏర్పాటు చేస్తారు. అసలు మెలిక ఇక్కడుంది. వద్దని చెప్పకపోతే మామూలు రౌటరు అన్ని గడపల మధ్యా రాకపోకలు సాగనిస్తుంది. గోడ కట్టి తలుపు బార్లా తెరిచినట్టే! ల్యాబు నుంచి పరీక్షల విభాగానికి దారి లేదు, లెక్కల గది నుంచి ఆ ఒక్క ప్రింటరుకు మాత్రం ఉంది అన్న నియమం రౌటరులో రాసినప్పుడే వీలాన్ పెట్టిన ఫలం దక్కుతుంది. చాలామంది వీలాన్ నంబర్లు ఇచ్చి, పనైపోయిందని చేతులు దులుపుకుంటారు.

చివరగా కొన్ని జాగ్రత్తలు. వీలాన్ సంగతి తెలియని చవకరకం స్విచ్చిని ట్రంకు మధ్యలో పెట్టవద్దు. యాక్సెస్ పోర్టుకు తగిలిస్తే దాని పోర్టులన్నీ ఆ ఒక్క వర్గానివే అవుతాయి. వాడని పోర్టులను మూసివేయాలి. కంపెనీవారు పెట్టి పంపిన పాస్‌వర్డు మొదటిరోజే మార్చాలి. ఏ పోర్టు ఏ వర్గానిదో, ట్రంకులో ఏ నంబర్లు పోతున్నాయో ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి, స్విచ్చులున్న బీరువా తలుపు లోపల అంటించాలి. రేపు ఈ పనిచేసినవారు ఉద్యోగం మారిపోయినా వెనక వచ్చినవారికి ఆ కాగితమే గురువు. మన కళాశాలలో అలాంటి కాగితం ఉందా అని అడిగే హక్కు, అవసరమైతే కూర్చుని రాసిపెట్టే బాధ్యత రెండూ విద్యార్థులుగా మనవేనని నా మనవి.