మునుపటి కొలువు ఎందుకు మానితిరి?

ఉద్యోగమునకై ఇంటర్వ్యూకు పోవు అభ్యర్థి తన పాఠ్యవిషయములను మరల చదువుకొనును. వార్తాపత్రికలను తిరుగవేయును. చొక్కాను ఇస్త్రీ చేయించుకొనును. కాని "మునుపటి కొలువు ఎందుకు మానితిరి?" అను ప్రశ్నకు సమాధానమును సిద్ధపరచుకొని పోవువారు అరుదు. అది ఏ పాఠ్యపుస్తకములోను లేని ప్రశ్న. మనవంటి కళాశాలలలో చదువుకొనువారిలో అనేకులు పట్టా చేతికి రాకమునుపే దుకాణములలోను, మందుల షాపులలోను, ట్యూషను కేంద్రములలోను పనిచేసినవారై యుందురు. తండ్రికి జబ్బుచేసి కొందరు, పరీక్షలు దగ్గరపడి కొందరు, జీతము సరిగా అందక కొందరు ఆ పనులను మానియుందురు. ఇట్టివారు బోర్డు ఎదుట కూర్చుండి ఈ ప్రశ్న వినగానే, తప్పు చేసినవారివలె తలవంచుకొనుటయో, అప్పటికప్పుడు ఒక కథ అల్లుటయో జరుగుచుండును. ఈ రెండును అక్కరలేదని చెప్పుటయే మా ఉద్దేశము.

రెండు భాషలు, రెండు మాటలు

కొలువు విడుచుటను తెలుగువారు రాజీనామా అందురు. ఉర్దూవారు ఇస్తీఫా అందురు. రాజీనామా పారసీకమునుండి వచ్చిన మాట. రాజీ అనగా సమ్మతించినవాడు, నామా అనగా పత్రము. ఉర్దూలో రాజీనామా అనిన, తగవుపడిన ఇరుపక్షములవారు ఒప్పుదలకు వచ్చి వ్రాసికొను పత్రమని అర్థము. ఇస్తీఫా అరబ్బీ మాట. మన్నింపు అను అర్థముగల 'అఫ్వ్' అను మాటకును దీనికిని ధాతువు ఒక్కటే. తన్ను బాధ్యతనుండి మన్నింపుమని కోరుట దీని మూలార్థము. ఒక మాటలో ఒప్పుదల గలదు, ఇంకొక మాటలో మన్నింపు గలదు. నింద రెంటిలోను లేదు. కొలువు మానిన కారణమును చెప్పునపుడు మన నోటినుండి రావలసిన స్వరము కూడ ఇదియే.

ప్రశ్న వెనుకనున్న ప్రశ్నలు

అడుగువారికి మన పాత యజమాని మంచిచెడ్డలతో పనిలేదు. వారు తెలిసికొనగోరునవి మూడు. మొదటిది, ఈ అభ్యర్థి ఇచ్చట నిలుచునా? క్రొత్తవానికి పని నేర్పుటకు కొన్ని నెలలు పట్టును. నేర్చిన వెంటనే అతడు వెడలిపోయినచో ఆ శ్రమయంతయు వ్యర్థము. రెండవది, ఇతడు చెప్పు మాటకును, తెచ్చిన కాగితములకును పొంతన యున్నదా? మూడవది, నేడు పాత యజమానిని గూర్చి మనయెదుట మాటలాడునట్లే, రేపు మనలనుగూర్చి ఇంకొకరియెదుట మాటలాడునా? తిన్నింటి వాసాలు లెక్కపెట్టువానిని ఎవరును ఇంటికి పిలువరు. పాత యజమాని నిజముగా చెడ్డవాడే కావచ్చును. కాని బోర్డువారికి అతడు తెలియడు. వారికి కనబడునది ఎదుటివానిని తిట్టుచున్న అభ్యర్థి మాత్రమే.

కావున సమాధానము మూడు వాక్యములలో ముగియుట మేలు. మొదటి వాక్యములో కారణము, రెండవ వాక్యములో ఆ కొలువునుండి నేర్చుకొన్నది, మూడవ వాక్యములో ఈ కొలువును కోరుటకు హేతువు. నాలుగవ వాక్యము సాధారణముగా ఫిర్యాదై యుండును. ఇందు ముఖ్యముగా గుర్తుంచుకొనవలసిన నియమము ఒకటి కలదు: చెప్పినదంతయు నిజమై యుండవలెను, కాని నిజమంతయు చెప్పనక్కరలేదు. అబద్ధము వేరు, మితభాషణము వేరు.

కారణములు, వాటిని చెప్పు విధములు

చదువు కొరకు మానినవారికి చిక్కు లేదు. "పగలు దుకాణంలో లెక్కలు వ్రాసేవాడిని సార్. చివరి సంవత్సరం పరీక్షల కోసం మానుకున్నాను. అక్కడ నేర్చుకున్న లెక్కలు ఈ పనికి పనికివస్తాయని అనుకుంటున్నాను" అనిన చాలును. దుకాణములో పనిచేసితినని చెప్పుటకు సిగ్గుపడరాదు. చదువుచు సంపాదించినవాడు సమయము విలువ నెరిగినవాడని అడుగువారు గ్రహింతురు.

జీతము చాలక మానుట కూడ నేరము కాదు. ఐతే అదొక్కటే కారణముగా చెప్పినచో, ఇంకొక వేయి రూపాయలు ఎక్కువ యిచ్చువాడు దొరకగానే ఇతడు లేచిపోవునని వారు తలంతురు. కావున జీతముతోబాటు బాధ్యతయు పెరుగవలెనని కోరితిమని చెప్పుట న్యాయము. అది నిజమైనప్పుడే చెప్పవలెను.

ఇంటి కారణములను క్లుప్తముగా చెప్పవలెను. "మా అమ్మగారికి ఆపరేషన్ అయింది. ఆరు నెలలు దగ్గరుండి చూసుకున్నాను. ఇప్పుడు ఆవిడ కోలుకున్నారు" అనునపుడు ఆ చివరి మాటయే ముఖ్యమైనది, ఆటంకము తొలగినదని అది తెలుపును. కాన్పు కొరకు, పసిపిల్లల కొరకు కొలువు మానిన స్త్రీలు క్షమాపణ స్వరముతో మాటలాడనక్కరలేదు. అది జీవితములో ఒక ఘట్టమే కాని యోగ్యతలో లోపము కాదు.

సంస్థయే మూతబడినచో అంతకంటె స్వచ్ఛమైన కారణము లేదు. వరంగల్లులో 1934లో వెలసిన ఆజంజాహి మిల్లు 2002లో మూతబడినది. 2009 జనవరి 7వ తేదీన హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ సంస్థ అధ్యక్షుడు లెక్కలలో మోసము జరిగినదని తానే ఒప్పుకొనెను. నాడు ఆ సంస్థ కొలువునుండి బయటకు వచ్చినవారు చేయని తప్పునకు తలవంచుకొనవలసిన పని లేకుండెను. 2020లో కోవిడ్ కాలమున పనులు పోయినవారి సంగతియు ఇట్టిదే. "సంస్థ మూతబడింది సార్" అని చెప్పి, అచ్చట తాము చేసిన పనిని వివరించుటకు వెంటనే పూనుకొనవలెను.

గల్ఫు దేశములనుండి తిరిగివచ్చినవారికి ఒప్పందము ముగియుటయే సంపూర్ణమైన కారణము. ఖతారులో 2020 వరకు యజమాని నిరభ్యంతర పత్రము లేనిదే కొలువు మారుట సాధారణముగా వీలుకాకుండెను. సౌదీ అరేబియాలో యజమాని అనుమతి లేకయే కొన్ని షరతులకు లోబడి మారు వీలు 2021 మార్చినుండి కలిగినది. అంతకుముందటి కాలమున ఒకే యజమానివద్ద ఏండ్ల తరబడి పనిచేసి ఇంటికి వచ్చినవారు, కొలువు మారకపోవుటకు గల ఈ కారణమును కూడ ఒక్క వాక్యములో చెప్పవచ్చును.

కఠినమైన సందర్భములు

పనినుండి తొలగింపబడినవాడు "నేనే మానుకున్నాను" అని చెప్పరాదు. అది ఒక్క ఫోనుతో బయటపడు మాట. "ఆ పనిలో చూపవలసిన ఫలితం చూపలేకపోయాను సార్, తీసివేశారు. ఆ తరువాత ట్యాలీ నేర్చుకున్నాను. ఇప్పుడు లెక్కల పని తడబడకుండా చేయగలను" అని చెప్పినచో కొందరు వెనుదీయవచ్చును. కాని మెచ్చుకొనువారును ఉందురు. అబద్ధమాడి సంపాదించిన కొలువులో ప్రతిదినము భయముతో గడపుటకంటె ఇది మేలు.

అవమానమును, వేధింపును భరింపలేక మానినవారి బాధ వేరు. వారు తమ గాయమును అపరిచితుల బల్లముందు విప్పనక్కరలేదు. "అక్కడి పని వాతావరణం నాకు అనుకూలించలేదు" అను మాట నిజమే, చాలినంతయే. ఐతే మౌనము ఇంటర్వ్యూలో మాత్రమే కాని అన్నిచోట్ల కాదు. పనిచేయుచోట స్త్రీలపై లైంగిక వేధింపులను నివారించుటకు 2013లో చట్టము వచ్చినది. పదిమంది, అంతకు మించి పనిచేయు ప్రతి సంస్థలోను అంతర్గత కమిటీ ఉండవలెను. సంఘటన జరిగిన మూడు నెలలలోగా ఫిర్యాదు చేయవచ్చును. తగిన కారణమున్నచో కమిటీ మరి మూడు నెలలు గడువు పెంచవచ్చును. జీతము ఎగవేసిన యజమానిపై కార్మికశాఖను ఆశ్రయింపవచ్చును. ఫిర్యాదునకు చోటు వేరు, ఇంటర్వ్యూకు చోటు వేరు. రెంటిని కలిపినచో రెండును చెడును.

పెద్దల ఉదాహరణములు

మీర్జా గాలిబ్ ఢిల్లీ కళాశాలలో పారసీక ఉపాధ్యాయ పదవికై పిలువబడిన ఉదంతమును మౌలానా ముహమ్మద్ హుసేన్ ఆజాద్ తన 'ఆబె హయాత్'లో తెలిపియున్నారు. పల్లకిలో వెళ్లిన గాలిబ్, దొరవారు ఎప్పటివలె ఎదురువచ్చి తోడుకొనిపోవుదురని నిరీక్షించెను. కొలువు కోరి వచ్చినవానికి ఆ మర్యాద చెల్లదని దొర చెప్పగా, కొలువువలన ఉన్న గౌరవము పెరుగునని తలచితినే కాని తగ్గునని తలపలేదని పలికి గాలిబ్ వెనుకకు మరలెను. గాలిబ్ వలె వెనుదిరుగు స్తోమత మనలో అందరికిని ఉండదు. కాని ఎవరిని తూలనాడక, ఒక్క మాటతో తన కారణము చెప్పిన తీరు అందరికిని అలవడదగినదే.

లాల్ బహదూర్ శాస్త్రిగారు రైల్వే మంత్రిగా నుండగా 1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ వద్ద ఘోర రైలు ప్రమాదము జరిగినది. వారు రాజీనామా ఇవ్వబోగా నెహ్రూగారు అంగీకరింపలేదు. నవంబరులో అరియలూరు ప్రమాదము తరువాత ఆ రాజీనామా ఆమోదింపబడినది. వారు క్రిందివారిపై నింద మోపక బాధ్యతను తామే వహించిరి. 1957 ఎన్నికల అనంతరము మరల మంత్రియై, 1964లో ప్రధానమంత్రి యైరి. గౌరవముగా వెడలినవానికి తలుపు మరల తెరచుకొనునని ఇందువలన తెలియుచున్నది.

కాగితముల సంగతి

మాట ఎంత చక్కగా నున్నను కాగితము దానికి సాక్ష్యము చెప్పవలెను. కొలువు మానునపుడు ముందుగా నోటీసు ఇచ్చి, చేతిలోని పనిని ఇంకొకరికి అప్పగించి, రిలీవింగు ఉత్తరమును, అనుభవ ధ్రువపత్రమును తీసికొనవలెను. ఏరు దాటి తెప్ప తగలవేయరాదు. ప్రావిడెంటు ఫండులో 2014నుండి ప్రతి సభ్యునికి ఒకే సంఖ్య ఉండుచున్నది; యజమానులు మారినను ఆ సంఖ్య మారదు. ఎక్కడ ఏనాడు చేరినది, ఏనాడు విడిచినది అందు నమోదగును. కావున తేదీలను అటునిటు జరుపుటకు ప్రయత్నింపరాదు.

కేంద్ర ప్రభుత్వ కొలువులోనున్నవారు సక్రమ మార్గమున దరఖాస్తు పెట్టి, అనుమతితో మరియొక ప్రభుత్వ కొలువునకు పోవునపుడిచ్చు రాజీనామాను సాంకేతిక రాజీనామా అందురు. అట్టివారి పూర్వసేవ నష్టము కాదు. సామాన్యముగా రాజీనామా ఇచ్చినవారు ఆ సేవను కోల్పోవుదురు. రాజీనామా పత్రములో వ్రాసిన కారణమే ఇంటర్వ్యూలోను చెప్పవలెనని వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంటివద్ద ఈ మూడు వాక్యములను కాగితముపై వ్రాసి, ఒక స్నేహితుని ఎదుట బిగ్గరగా చెప్పి చూడుడు. గొంతులో కోపము వినబడినచో మార్చుడు. జాలి కోరునట్లున్నచో తగ్గింపుడు. నోరు మంచిదైన ఊరు మంచిదగునను సామెత మనకు కలదు. వదలివచ్చిన ఊరిని గూర్చి మంచిగా మాటలాడు నోరే చేరబోవు ఊరిలో చోటు సంపాదించును.