గుంటూరు గ్రహణం నుంచి స్కానింగ్ గది దాకా

మోకాలు వాచినా, నడుము పట్టేసినా, తలనొప్పి వారాల తరబడి తగ్గకపోయినా డాక్టర్లు ఇప్పుడు ఎం.ఆర్.ఐ. తీయించుకురమ్మంటున్నారు. నగలు, వాచీ, సెల్‌ఫోన్, జేబులోని చిల్లర అన్నీ బయట పెట్టిస్తారు. చెవులకు చప్పుడు సోకకుండా ఏదో ఒకటి అడ్డుపెట్టి, సన్నటి బల్ల మీద పడుకోబెట్టి, గుండ్రటి గొట్టంలోకి పంపిస్తారు. కాసేపటికి టకటకా, దబదబా చప్పుళ్లు మొదలవుతాయి. కదలకుండా పడుకోవాలి. అరగంటకో ముప్పావుగంటకో బయటికి తీసి, తర్వాత ఫిల్ములు, రిపోర్టు చేతిలో పెడతారు. కోత లేదు, ఎక్స్‌రే కిరణాల ప్రసక్తి లేదు. అయినా మోకాలి చిప్ప వెనక చిరిగిన మృదులాస్థి, వెన్నుపూసల మధ్య పక్కకు జరిగిన డిస్క్, మెదడులో గోరంత గడ్డ తెల్లగానో నల్లగానో కనిపిస్తాయి.

ఈ యంత్రాన్ని ఎవరు కనిపెట్టారని అడిగితే ఒక్క పేరు చెప్పలేం, చెబితే అన్యాయం అవుతుంది. ఇందులో సూర్యుణ్ని చూసినవాళ్ల పని ఉంది, చలిని వెతికినవాళ్ల పని ఉంది, లోహాలు కరిగించినవాళ్లది, సమీకరణాలు రాసినవాళ్లది, రోగుల పక్కన నిలబడ్డవాళ్లది ఉంది. వీళ్లలో చాలామందికి మిగతావాళ్లు ఏం చేస్తున్నారో తెలియదు, ఆసుపత్రి ఆలోచన కూడా లేదు. శాస్త్రం, ఇంజనీరింగ్, వైద్యం అనే మూడు రంగాల్లో పరిశోధన ఎన్ని తీరులుగా సాగుతుందో, ఎందుకు అన్ని తీరులుగానూ సాగాలో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించదు.

మొదటి మెట్లలో ఒకటి మన గుంటూరులో ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. చీకటి నీడ కోస్తా జిల్లాల మీదుగా వెళ్తుందని ముందే లెక్కగట్టి ఫ్రాన్స్ నుంచి పియర్ జాన్సెన్, బ్రిటిష్ తరఫున మరో బృందం గుంటూరు చేరుకున్నారు. మద్రాసు వేధశాల అధికారి నార్మన్ పాగ్సన్ బందరులో సరంజామా దింపుకున్నాడు. సూర్యబింబం పూర్తిగా మూసుకున్న కొద్ది నిమిషాల్లో, అంచున ఎగసే ఎర్రటి జ్వాలల వెలుగును వర్ణపటదర్శినిలో పట్టి, రంగుల గీతలుగా విడదీసి చూడడం వాళ్ల ఉద్దేశం. ఆ గీతలు ఎంత ప్రకాశంగా కనిపించాయంటే, గ్రహణం లేని రోజున కూడా వీటిని చూడవచ్చని జాన్సెన్‌కు తోచింది. మర్నాడే చూశాడు కూడా. రెండు నెలల తర్వాత లండన్లో నార్మన్ లాకియర్ తనంతట తాను అదే పద్ధతి కనిపెట్టాడు. ఇద్దరి నివేదికలూ ఫ్రెంచి అకాడమీ ముందుకు ఒకే రోజు వచ్చాయి.

ఆ గీతల్లో పసుపుపచ్చనిది ఒకటి ఉంది. సోడియం గీతలకు దగ్గరగా ఉంది గానీ సరిగ్గా వాటి మీద లేదు. భూమ్మీద తెలిసిన ఏ పదార్థానికీ అది కుదరలేదు. సూర్యుడిలో ఇంకేదో కొత్త మూలకం ఉందని లాకియర్ వాదించాడు. గ్రీకులో సూర్యుడికున్న పేరుతో దాన్ని హీలియం అన్నారు. చాలామంది నమ్మలేదు. 1895లో విలియం రామ్సే ఒక యురేనియం ఖనిజాన్ని ఆమ్లంలో వేసి, వచ్చిన వాయువును పరీక్షిస్తే అదే పసుపు గీత కనిపించింది. సూర్యుడిలో దొరికిన మూలకం భూమి మీద దొరకడానికి 27 ఏళ్లు పట్టింది. దానివల్ల ఎవరికైనా పైసా లాభం ఉంటుందని ఆ రోజున ఎవరూ అనుకోలేదు.

హీలియం తర్వాతి అడుగు నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో పడింది. అక్కడ కామర్లింగ్ ఓనెస్ ఒక్కొక్క వాయువునే ద్రవంగా మారుస్తూ చలి అంచుల దాకా పోవాలని పట్టుబట్టాడు. అన్నిటికంటే మొండికేసింది హీలియమే. మన భీమిలి తీరంలోనూ దొరికే మోనజైట్ రకం ఇసుక నుంచి వాయువు రాబట్టి, 1908లో దాన్ని ద్రవం చేశాడు. అది మరిగే ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 269 డిగ్రీల సెల్సియస్. ఆ చలిలో లోహాలు కరెంటుకు ఎంత అడ్డుపడతాయో కొలుద్దామని 1911లో పాదరసం తీసుకుంటే, ఒక దశలో అడ్డంకి కాస్తా పూర్తిగా మాయమైంది. దీన్నే అతివాహకత్వం అంటున్నాం. తీగ చుట్టలో ఒకసారి కరెంటు పారిస్తే ఇక తిరుగుతూనే ఉంటుంది, వేడి పుట్టదు.

ఓనెస్‌కు వెంటనే తట్టింది, దీంతో బ్రహ్మాండమైన అయస్కాంతం చేయవచ్చని. చేయబోతే కుదరలేదు. కొద్దిపాటి అయస్కాంత క్షేత్రానికే పాదరసం, సీసం అతివాహకత్వాన్ని కోల్పోయాయి. ఆ ముడి విప్పింది లోహశాస్త్రం, అదీ అర్ధశతాబ్దం తర్వాత. 1961లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో నియోబియం, తగరం కలిసిన పదార్థం 8.8 టెస్లాల క్షేత్రంలో కూడా నిలబడింది. తర్వాత తీగలుగా సాగదీయడానికి వీలైన నియోబియం-టైటానియం మిశ్రమం వాడుకలోకి వచ్చింది. దాన్ని సన్నటి పోగులుగా లాగి, రాగిలో పొదిగి, కిలోమీటర్ల పొడవున చుడితే ఎం.ఆర్.ఐ. అయస్కాంతం తయారవుతుంది. సాధారణంగా ఆసుపత్రుల్లో ఉండేది 1.5 టెస్లా యంత్రం, అంటే భూమి అయస్కాంతానికి దాదాపు ముప్పై వేల రెట్లు. చుట్టూ ద్రవ హీలియం ఉండగా రాత్రీ పగలూ పనిచేస్తూనే ఉంటుంది. స్కాన్ జరగనప్పుడు కూడా ఆ గదిలోకి ఇనప వస్తువు తీసుకెళ్లనివ్వకపోవడానికి కారణం ఇదే.

ఇంత పెద్ద అయస్కాంతం మన ఒంట్లో ఏం చేస్తుంది? మన శరీరంలో సగానికి పైగా నీరు. నీటి అణువులో రెండు హైడ్రోజన్‌లు, ఒక్కోదానికి ఒక ప్రోటాన్ కేంద్రకం. ప్రోటాన్ చిన్న అయస్కాంతం లాగా ప్రవర్తిస్తుంది. పెద్ద క్షేత్రంలో పెడితే తిరుగుతూ ఒరిగిన బొంగరంలా ఊగుతుంది. 1.5 టెస్లాలో ఆ ఊగడం సెకనుకు దాదాపు 6 కోట్ల 40 లక్షల సార్లు, అంటే రేడియో తరంగాల పౌనఃపున్యం. ప్రోటాన్లలో కొన్ని క్షేత్రం వైపు, కొన్ని వ్యతిరేకంగా నిలుస్తాయి. పది లక్షల ప్రోటాన్లు తీసుకుంటే క్షేత్రం వైపు నిలిచినవి రెండోవాటికంటే సుమారు ఐదే ఎక్కువ. మనకు దొరికే సంకేతమంతా ఆ ఐదు వల్లనే. ఒంట్లో నీరు అపారంగా ఉంది గనుక ఆ కొద్దిపాటి తేడాయే సరిపోతుంది. సరైన రేడియో తరంగం పంపి వాటిని కదిలిస్తే, తిరిగి కుదుటపడుతూ అవీ రేడియో సంకేతం ఇస్తాయి. కొవ్వు, కండరం, గడ్డ వేర్వేరు వేగాలతో కుదుటపడతాయి. బొమ్మలో తెలుపు నలుపుల తేడా వచ్చేది అక్కడే.

ఇదంతా పట్టుకున్నవాళ్లు పరమాణు కేంద్రకం గురించి తెలుసుకోవాలనుకున్న భౌతికశాస్త్రవేత్తలు. ఇసిడోర్ రాబి 1938లో అణు పుంజాల్లో దీన్ని కొలిచాడు. 1946లో స్టాన్‌ఫర్డ్‌లో ఫెలిక్స్ బ్లాక్ నీటిలో, హార్వర్డ్‌లో ఎడ్వర్డ్ పర్సెల్ బృందం మైనంలో ఆ సంకేతాన్ని విన్నారు. వీళ్లిద్దరూ యుద్ధకాలంలో రాడార్ పనుల్లో ఉన్నవాళ్లే. రేడియో తరంగాలను మచ్చిక చేసుకునే ఆ నైపుణ్యం కేంద్రకం దాకా అలా వచ్చింది. తర్వాత రెండు దశాబ్దాలకు పైగా ఇది ప్రధానంగా రసాయనశాస్త్రవేత్తల సాధనం. అణువుల నిర్మాణం పోల్చుకోవడానికి వాడుకున్నారు.

మనవాళ్లు చేసిన పని గురించి తక్కువగా చెప్పుకుంటాం. 1951లో బెంగళూరులో జి. సూర్యన్ పారే ద్రవంలో ఈ సంకేతం ఎలా మారుతుందో చూశాడు. రక్తనాళాల్లో ప్రవాహాన్ని ఈ పద్ధతితో చూడడానికి అది తొలి అడుగుల్లో ఒకటి. 1975లో భారతీయ శాస్త్రవేత్త అనిల్ కుమార్ స్విట్జర్లాండ్‌లో రిచర్డ్ ఎర్న్‌స్ట్‌తో, డీటర్ వెల్టీతో కలిసి, సంకేతాల గుంపు నుంచి బొమ్మను లెక్కగట్టే పద్ధతి రూపొందించారు. నేటి యంత్రాలు బొమ్మ కట్టే తీరుకు పునాది అదే. అందులో గణితం జోసెఫ్ ఫూరియేది. 1822లో ఆయన ఆ సమీకరణాలు రాసింది లోహాల్లో వేడి ఎలా పాకుతుందో తెలుసుకోవడానికి.

వైద్యుడి చూపు 1971లో వచ్చింది. న్యూయార్క్ డాక్టరు రేమండ్ డమాడియన్ ఎలుకల నుంచి తీసిన కణితులను పరీక్షించి, ఆరోగ్యమైన కణజాలానికీ వాటికీ సంకేతంలో తేడా ఉందని ప్రకటించాడు. సంకేతం వచ్చింది సరే, ఒంట్లో ఎక్కణ్నుంచి వచ్చింది? రసాయనశాస్త్రవేత్త పాల్ లాటర్‌బర్ దీనికి జవాబు చెప్పాడు. క్షేత్రాన్ని ఒక చివర కాస్త బలంగా, మరో చివర కాస్త బలహీనంగా ఉంచితే ఒక్కో చోటి ప్రోటాన్లు ఒక్కో వేగంతో ఊగుతాయి, ఆ వేగాన్ని బట్టి చోటు చెప్పవచ్చు. ఆయన తీసిన మొదటి బొమ్మ సన్నటి రెండు గొట్టాల్లోని మామూలు నీటిది, వాటి చుట్టూ భారజలం. నేచర్ పత్రిక ఆ వ్యాసాన్ని మొదట తిప్పి పంపింది, 1973లో అచ్చువేసింది. బొమ్మను వేగంగా తీసే దారి చూపింది ఇంగ్లండ్‌లో భౌతికశాస్త్రవేత్త పీటర్ మాన్స్‌ఫీల్డ్. 1977 జులై 3న డమాడియన్ బృందం తీసిన మనిషి ఛాతీ బొమ్మకు దాదాపు ఐదు గంటలు పట్టింది. 2003లో వైద్యశాస్త్రపు నోబెల్ బహుమతి లాటర్‌బర్, మాన్స్‌ఫీల్డ్‌లకు వచ్చింది. డమాడియన్ తనకు అన్యాయం జరిగిందని పత్రికల్లో ప్రకటనలు ఇచ్చాడు. బహుమతి ఎవరికి చెందాలన్న వాదన ఇప్పటికీ తెగలేదు. ఇన్ని చేతులు పడ్డ పనిని ముగ్గురికి మించకుండా పంచాలనే నియమంలోనే చిక్కుందని నా అభిప్రాయం.

రోగి విని భయపడే ఆ టకటకలు ఎక్కడివంటే, చోటు చెప్పడానికి క్షేత్రాన్ని హెచ్చుతగ్గులు చేసే తీగచుట్టలవి. వాటిలో కరెంటు క్షణక్షణం మారుతుంటే పెద్ద అయస్కాంతం వాటిని అదిరిస్తుంది. చప్పుడు తగ్గించడం, బయటి రేడియోలు లోపలికి సోకకుండా గది గోడలకు రాగి తొడగడం, బల్లను రోగికి సరిపోయేలా చేయడం ఇంజనీర్ల పరిశోధన. వీటికి నోబెల్ రాదు, ఇవి లేకపోతే స్కాన్ జరగదు. కొన్ని గడ్డలు స్పష్టంగా కనిపించడానికి నరానికి ఎక్కించే మందులో గడోలినియం ఉంటుంది. విడిగా అది విషం. రసాయనశాస్త్రవేత్తలు దాన్ని మరో అణువులో గట్టిగా బిగించి, మూత్రంలో బయటికి పోయేలా చేశారు. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవాళ్లకు దాని వాడకంలో జాగ్రత్త కావాలని తెలిసింది మాత్రం డాక్టర్లు రోగులను గమనించినప్పుడే.

మూడు రంగాల తేడా నాకు ఇక్కడే స్పష్టంగా కనిపిస్తుంది. భౌతికశాస్త్రవేత్తకు ఒక్క శుద్ధమైన కొలత చాలు, దాన్ని ఇంకొకరు మళ్లీ చేయగలిగితే అది నిజం. ఇంజనీరుకు వెయ్యోసారి కూడా యంత్రం అలాగే పనిచేయాలి. డాక్టరుకు వందలమంది రోగుల్లో మేలూ కీడూ తూచి చూడాలి, ఎందుకంటే ఏ ఇద్దరి ఒళ్లూ ఒక్కలా ఉండవు. ఒకరి కొలబద్దతో ఇంకొకరిని తూచితే ముగ్గురి పనీ చెడుతుంది. రంగుల గీతలు చూసిన జాన్సెన్‌ను దీనివల్ల ఏ రోగం తగ్గుతుందని అడిగితే ఆయన దగ్గర జవాబు ఉండేది కాదు. మనిషి ఒంట్లో ఎక్కించే మందు విషయంలో మాత్రం అదే ప్రశ్న అడక్కపోతే నేరం.

ఇప్పుడు మళ్లీ హీలియం దగ్గర చిక్కొచ్చింది. సహజవాయువుతో పాటు కొన్ని దేశాల్లోనే దొరుకుతుంది, గాలిలోకి పోతే తిరిగి పట్టుకోలేం, ధర పెరుగుతోంది. పాత యంత్రాలకు వేయి లీటర్లకు పైగా ద్రవ హీలియం కావాలి. అందుకే ఏడు లీటర్లనే శాశ్వతంగా మూసి ఉంచి నడిపే యంత్రాలు వచ్చాయి. బలహీనమైన మామూలు అయస్కాంతంతో రోగి మంచం దగ్గరికే తోసుకెళ్లగల చిన్న యంత్రాలు కూడా వచ్చాయి. సంకేతం బలహీనమైన చోట గణితం, కంప్యూటర్ ఆదుకుంటున్నాయి. మన పల్లెల ఆసుపత్రులకు రేపు పనికొచ్చేవి ఇలాంటివే.

అవి ఇక్కడే తయారు కావాలంటే భౌతికశాస్త్రం, రసాయనం, గణితం, లోహశాస్త్రం తెలిసినవాళ్లు ఇక్కడే ఉండాలి. మన రెండు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో ఈ శాఖల అధ్యాపక ఉద్యోగాలు ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్నాయి. ప్రభుత్వాలు వాటిని భర్తీ చేయాలి. ఏటా సీట్ల సంఖ్య గురించి, ప్లేస్‌మెంట్ల గురించి అడిగే మనం ఈ ఖాళీల గురించి కూడా గట్టిగా అడగాలి.