మెట్టినింటికి వెళ్ళిన ఇంజిన్

అమెరికాలో పాత మాజ్దా ఆర్‌ఎక్స్-7 కారు బోనెట్ ఎత్తితే లోపల మాజ్దా ఇంజినే ఉంటుందని పందెం కట్టలేం. అక్కడ జనరల్ మోటార్స్ వి8 ఇంజిన్ కనిపించడం మామూలైపోయింది. జపాన్ వాళ్ళు ముచ్చటపడి చేసుకున్న రోటరీ ఇంజిన్‌ను పీకేసి డెట్రాయిట్ ఇంజిన్ బిగించడం ఆ కారు అభిమానుల్లో కొందరికి పండగ, కొందరికి అపచారం. ఆ తగవు మనకొద్దు. ఆ వి8 పేరు ఎల్‌ఎస్1. ఒక కంపెనీ తన కారు కోసం చేసుకున్న ఇంజిన్ ఇన్ని పరాయి బళ్ళలోకి ఎలా దూరింది, దూరాక ఇంటి షెడ్డులో స్పానర్ పట్టినవాణ్ణి ఎక్కడెక్కడ ఏడిపిస్తుంది అన్నదే ఇక్కడి సంగతి.

దీని వంశం 1955లో మొదలైంది. ఆ ఏడాది జనరల్ మోటార్స్ వారి షెవ్రొలే కంపెనీ తన చీఫ్ ఇంజినీర్ ఎడ్ కోల్ ఆధ్వర్యంలో చిన్న వి8 ఒకటి తెచ్చింది. సామర్థ్యం 265 ఘనపు అంగుళాలు, అంటే 4.3 లీటర్లు. పక్కపక్క సిలిండర్ల కేంద్రాల మధ్య దూరం 4.4 అంగుళాలు. ఆ తర్వాత ఎన్ని మార్పులు జరిగినా ఈ కొలత మాత్రం మారలేదు. 1997 మోడల్ కార్వెట్‌తో ఎల్‌ఎస్1 వచ్చినప్పుడు కొత్త బ్లాకు, కొత్త హెడ్లు, కొత్త ఇగ్నిషన్, చివరికి సిలిండర్లు పేలే వరస కూడా కొత్తదే. ఆ 4.4 అంగుళాలు మాత్రం తాతగారివే. సామర్థ్యం 5.7 లీటర్లు, శక్తి 345 హార్స్‌పవర్, బ్లాకు అల్యూమినియం.

దాన్ని చూసి అప్పట్లో చాలామంది పెదవి విరిచారు. ప్రపంచమంతా ఒక్కో హెడ్ మీద రెండేసి క్యామ్‌షాఫ్ట్‌లు, సిలిండర్‌కు నాలుగేసి వాల్వులు అంటుంటే, వీళ్ళు ఇంకా పుష్‌రాడ్‌లు పట్టుకుని వేలాడుతున్నారేమిటని. కానీ ఈ ఇంజిన్ భవిష్యత్తును నిర్ణయించింది ఆ పాతకాలపు పద్ధతే. పుష్‌రాడ్ ఇంజిన్‌లో క్యామ్‌షాఫ్ట్ ఒక్కటే. అది రెండు వరసల సిలిండర్ల నడుమ లోయలో, క్రాంక్‌కు కాస్త పైన పడుకుని ఉంటుంది. అక్కడినుంచి సన్నని కడ్డీలు పైకి వెళ్ళి రాకర్లను తోస్తాయి, రాకర్లు వాల్వులను నొక్కుతాయి. హెడ్ల మీద క్యామ్‌ల బరువు లేదు, వెడల్పు లేదు. నాలుగు క్యామ్‌ల వి8ని ముందునుంచి చూస్తే పైభాగం రెండు వైపులా విచ్చుకుని ఉంటుంది. ఫోర్డ్ వారి 4.6 లీటర్ల నాలుగు క్యామ్‌ల వి8 సామర్థ్యంలో ఎల్‌ఎస్1 కన్నా చిన్నది, వెడల్పులో పెద్దది. కారులో ఇంజిన్‌కు దొరికే చోటు లీటర్లలో ఉండదు, అంగుళాల్లో ఉంటుంది. ఎల్‌ఎస్1 అక్కడ గెలిచింది.

1998లో కమారో, ఫైర్‌బర్డ్ కార్లకు ఇదే ఇంజిన్ పెట్టారు. 1999 నుంచి పికప్ ట్రక్కులకు దీని తమ్ముళ్ళు వచ్చారు: 4.8, 5.3, 6.0 లీటర్లు, ఎక్కువగా ఇనుప బ్లాకులతో. బళ్ళు లెక్కలేనన్ని అమ్ముడుపోయాయి. అమ్ముడైనవి గుద్దుకున్నాయి, గుద్దుకున్నవి తుక్కు యార్డులకు చేరాయి. స్పోర్ట్స్ కారు ఇంజిన్ కొనలేని కుర్రాడికి ట్రక్కు ఇంజిన్ చవగ్గా దొరికింది. బరువు సుమారు 35 కిలోలు ఎక్కువ, అంతే. 2011 నవంబరు 29న ఈ వంశంలో పదికోట్లవ ఇంజిన్ తయారైంది. విడిభాగాలకు కరువు లేకపోవడానికి వేరే కారణం వెతకక్కర్లేదు.

ఇంజిన్ మార్చడం కొత్త విద్య కాదు. 1962లో కారల్ షెల్బీ ఇంగ్లండు వారి ఏసీ ఏస్ కారులో ఫోర్డ్ వి8 పెట్టించాడు, అదే కోబ్రా. మన దగ్గర కూడా పెట్రోలు జీపులకు, అంబాసిడర్లకు డీజిల్ ఇంజిన్లు వేయించిన రోజులు విజయవాడ ఆటోనగర్ పాత మేస్త్రీలకు గుర్తుంటాయి. అయితే ఆ రోజుల్లో ఇంజిన్‌కు నూనె, నీళ్ళు, గాలి అందితే చాలు, కరెంటుతో పని కొద్దిగానే. 1997 తర్వాతి ఇంజిన్ అలా కాదు. పుట్టింట్లో అడక్కుండా అమరినవన్నీ మెట్టినింట్లో ఒక్కొక్కటీ అడిగి తెచ్చుకోవాలి.

ఆర్‌ఎక్స్-7నే తీసుకుందాం. 1991లో వచ్చిన మూడో తరం కారుది 1.3 లీటర్ల రెండు రోటర్ల ఇంజిన్, రెండు టర్బోలు, అమెరికాలో 255 హార్స్‌పవర్. రోటర్ల కొనల్లో ఉండే సన్నని సీళ్ళు వేడికి, ముందే పేలే మిశ్రమానికి తట్టుకోలేవు. రెండు టర్బోలను వరసగా నడిపించే రబ్బరు గొట్టాలను చూస్తే పాత మెకానిక్‌కైనా కళ్ళు తిరుగుతాయి. ఆ సరంజామా అంతా తీసేసి ఎల్‌ఎస్1 దించితే కారు బరువు పెద్దగా పెరగదు. మౌంటింగులు, క్రాస్‌మెంబర్, ఆయిల్ చాంబర్ రెడీమేడ్‌గా దొరుకుతాయి. గొలుసు కప్పీతో ఇంజిన్ దించి, గేర్‌బాక్స్ కలిపి, బోల్టులు బిగించడం శ్రమే కానీ చిక్కు కాదు. చిక్కు తాళం తిప్పాక మొదలవుతుంది.

బాగా పేరుమోసిన చిక్కు ఇది: సెల్ఫ్ కొట్టగానే ఇంజిన్ చక్కగా అందుకుంటుంది, రెండు సెకన్లకు ఆగిపోతుంది. మళ్ళీ కొడితే మళ్ళీ అంతే. చూసినవాళ్ళందరూ పెట్రోలు పంపు పోయిందంటారు. పంపు మారుస్తారు, ఫిల్టర్ మారుస్తారు, ఫలితం ఉండదు. అసలు సంగతి దొంగతనాల నివారణ. కమారో తాళంచెవిలో చిన్న రెసిస్టర్ ఉంటుంది. బండిలోని ఒక పెట్టె దాన్ని కొలిచి, సరిపోతే ఇంజిన్ కంప్యూటర్‌కు ‘సరే’ అని కబురు పంపుతుంది. ఆ కబురు అందకపోతే కంప్యూటర్ ఇంజెక్టర్లను మూసేస్తుంది. మాజ్దాలో ఆ తాళమూ లేదు, ఆ పెట్టె కూడా లేదు. అంటే కంప్యూటర్ దృష్టిలో తనను ఎవడో దొంగిలించుకుపోతున్నాడు. ప్రోగ్రామ్‌లో ఆ కాపలా తీసేయించడమే దీనికి మందు.

దీన్ని పంపు లోపం నుంచి విడదీసి చూడటానికి ప్రెషర్ గేజ్ ఒక్కటి చాలు. ఇంజిన్ ఆగిన క్షణాన కూడా పెట్రోలు ఒత్తిడి 58 పీఎస్ఐ, అంటే 4 బార్ల దగ్గర నిలకడగా ఉంటే పంపు నిర్దోషి. ఇక్కడ ఇంకో రెండు సెకన్ల గొడవ కూడా ఉంది. తాళం ఆన్ చేయగానే కంప్యూటర్ పంపును రెండు సెకన్లు తిప్పి ఆపేస్తుంది, క్రాంక్ తిరుగుతోందన్న సంకేతం వస్తేనే మళ్ళీ తిప్పుతుంది. కాబట్టి ఇంజిన్ అసలు అందుకోకుండా పంపు ఆగిపోతే అది కాపలా సమస్య కాదు, క్రాంక్ సెన్సర్ సమస్య. రెండింటినీ కలిపేసుకుని డబ్బు తగలేసుకునేవాళ్ళే ఎక్కువ.

ఆ క్రాంక్ సెన్సర్ సంగతి కాస్త వివరంగా చూడాలి. క్రాంక్‌షాఫ్ట్ వెనక చివర పళ్ళ చక్రం ఒకటి ఉంటుంది. పన్ను ఎదురుగా వచ్చినప్పుడల్లా సెన్సర్ ఒక అల పంపుతుంది, దాన్నిబట్టి పిస్టన్లు ఎక్కడున్నాయో కంప్యూటర్ లెక్కగడుతుంది. ఎల్‌ఎస్1ను, దాని తమ్ముళ్ళను కలిపి ఎల్‌ఎస్ ఇంజిన్లంటారు. వాటిలో తొలివాటికి ఒక చుట్టుకు 24 అలలు. తర్వాతి తరంలో 58: అరవై పళ్ళ చోటులో రెండు పీకేసి, ఆ ఖాళీని గుర్తుగా పెట్టుకున్నారు. పాత కంప్యూటర్‌కు 58 అర్థం కాదు, కొత్తదానికి 24 అర్థం కాదు. యార్డులో ఇంజిన్ ఒక బండిది, కంప్యూటర్ ఇంకో బండిది తెచ్చుకుంటే సెల్ఫ్ అరిగిపోయేదాకా కొట్టినా నిప్పురవ్వ రాదు. సాధారణంగా 24 సెన్సర్ నల్లగా, 58 సెన్సర్ బూడిదరంగులో ఉంటుంది. కొనేముందు సెల్ఫ్ మోటారు వెనక టార్చి వేసి చూస్తే తెలిసిపోతుంది. అన్నీ సరిపోయినా స్టార్ట్ కాకపోతే స్కానర్ పెట్టి సెల్ఫ్ కొడుతూ ఆర్పీఎం చూడండి. వందకు పైన కనబడితే సంకేతం వస్తున్నట్టు. సున్నా అంటే వైరు సంగతి చూడాలి. ఆ సెన్సర్ పక్కనుంచే సైలెన్సర్ గొట్టాలు వెళతాయి, ఆ వేడికి వైరు తొడుగు కరిగిపోవడం మామూలే.

తర్వాతిది ఎర్త్. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది. రబ్బరులోంచి కరెంటు పోదు కాబట్టి బ్యాటరీ నెగటివ్‌కు దారి ఆ ఒక్క ఎర్త్ పట్టీయే. ఇలాంటి మార్పుల్లో బ్యాటరీని తరచూ వెనక్కి మార్చేస్తారు, దారి ఇంకా పొడవవుతుంది. పట్టీ కింద పెయింట్ గీకకపోతే సెల్ఫ్ మోటారుకు కావలసిన వందల ఆంపియర్లు యాక్సిలరేటర్ కేబుల్, సెన్సర్ వైర్లు అంటూ దొరికిన దారిలో పోతాయి. లక్షణాలు దెయ్యం పట్టినట్టు ఉంటాయి: లైట్లు వేస్తే ఐడిల్ మారుతుంది, టెంపరేచర్ ముల్లు గెంతుతుంది. మల్టీమీటర్ ఒక కొన బ్యాటరీ నెగటివ్ మీద, ఇంకో కొన బ్లాకు మీద పచ్చి అల్యూమినియం చోట పెట్టి ఎవరినైనా సెల్ఫ్ కొట్టమనండి. అర వోల్టు దాటితే మిగతా వెతుకులాటలన్నీ ఆపి ముందు ఎర్త్ సరిచేయాలి. నా దృష్టిలో ఇంట్లో చేసే మార్పుల్లో సగం మొండి రోగాలకు చేయవలసిన మొదటి పరీక్ష ఇదే.

ఇంజిన్ నడుస్తోంది, కానీ ప్లగ్గులు నల్లగా మసిబారుతున్నాయి. స్కానర్ చూస్తే పెట్రోలు తక్కువైందంటోంది. ఇద్దరిలో ఎవరు అబద్ధం చెబుతున్నారు? ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఎగ్జాస్ట్ గొట్టంలో పొగ ధారగా రాదు, అలలుగా వస్తుంది. అలకూ అలకూ మధ్య ఒత్తిడి బయటి గాలికన్నా తగ్గిపోతుంది. ఆక్సిజన్ సెన్సర్‌కు ముందున్న ఫ్లాంజి గాస్కెట్ కాస్త లీకైతే ఆ సందున బయటిగాలి లోపలికి లాగబడుతుంది. సెన్సర్‌కు ఆ ఆక్సిజనే కనబడుతుంది. ‘మిశ్రమం పలచబడింది’ అనుకుని కంప్యూటర్ పెట్రోలు పెంచుతుంది, ప్లగ్గులు మసిబారతాయి. ఇంజెక్టర్లు మార్చి లాభం లేదు, కావలసింది గాస్కెట్.

నిజంగానే మిశ్రమం పలచబడితే దాని తీరు వేరు. ఐడిల్‌లో లోటు ఎక్కువగా ఉండి, రేజ్ చేస్తే తగ్గిపోతే మానిఫోల్డ్ దగ్గర ఎక్కడో దొంగగాలి చొరబడుతోంది. బరువు మీద లాగేటప్పుడే లోటు పెరిగితే పెట్రోలు చాలడం లేదు. అంతటా పొంతన లేకుండా ఉంటే గాలి కొలిచే సెన్సర్‌ను చోటు చాలక గొట్టం వంపు పక్కనే బిగించారన్నమాట. తిన్నగా పారే గాలికి లెక్కగట్టిన సెన్సర్ అది, సుడి తిరిగే గాలిని సరిగా కొలవలేదు.

ఇంజిన్ ప్రాణం తీసేది మాత్రం వేలి ఉంగరమంత ఓ-రింగ్. ఎల్‌ఎస్ ఆయిల్ పంపు క్రాంక్ ముందు కొసన ఉంటుంది, నూనె చాంబర్ అడుగునుంచి పొడవాటి గొట్టంతో పీల్చుకుంటుంది. ఇంకొకరి కారులో పట్టాలంటే చాంబర్ మార్చాలి, దానితో ఆ గొట్టాన్నీ విప్పాలి. గొట్టం పంపుకు చేరేచోట బిగించేది ఒకే బోల్టు. ఓ-రింగ్‌కు నూనె రాయకుండా వంకరగా దోపితే అంచు తెగుతుంది. పంపు నూనెతోపాటు గాలీ పీలుస్తుంది. చల్లగా ఉన్నప్పుడు గేజ్ బాగానే చూపిస్తుంది, వేడెక్కాక ముల్లు పడిపోతుంది, లిఫ్టర్లు టిక్కుటిక్కుమంటాయి. చిక్కటి నూనె పోసి సరిపెట్టుకున్నవాళ్ళ బేరింగులు ఎక్కువకాలం నిలవవు. చాంబర్ మళ్ళీ దించాల్సిందే.

నీళ్ళ గురించి క్లుప్తంగా. ఎల్‌ఎస్ హెడ్ల నుంచి ఆవిరి పోవడానికి సన్నని గొట్టాలుంటాయి. పనికిరానివనుకుని వాటిని మూసేస్తే ఎయిర్ లాక్ తప్పదు. ఆర్‌ఎక్స్-7 ముక్కు పల్లంగా ఉంటుంది కాబట్టి రేడియేటర్ ఇంజిన్ కన్నా కిందికి వస్తుంది. ముందు చక్రాలు జాకీమీద ఎత్తి నీళ్ళు నింపాలి. వణుకు గురించీ క్లుప్తంగానే: ఆర్పీఎంతో పెరిగితే క్లచ్, ఫ్లైవీల్ వైపు చూడాలి, బండి వేగంతో పెరిగితే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణాలు కొలవాలి.

ఇన్ని తిప్పల మధ్య ఒక్కటి మాత్రం కాలం కలిసొచ్చినట్టు కుదురుతుంది. రెండు రోటర్ల ఇంజిన్ షాఫ్ట్ చుట్టుకు రెండుసార్లు పేలుతుంది, మాజ్దా ఆర్పీఎం మీటర్ లెక్క అదే. ఎల్‌ఎస్1 కంప్యూటర్ మీటర్‌కు పంపేదీ చుట్టుకు రెండు అలలే. ఆ సంకేతపు వైరుకు, ఇగ్నిషన్ కరెంటు వైరుకు మధ్య ఒక చిన్న రెసిస్టర్ పెడితే చాలు, జపాన్ ముల్లు డెట్రాయిట్ ఇంజిన్ వేగాన్ని తప్పు లేకుండా చూపిస్తుంది.

ఇంత పనీ అయ్యాక కాలిఫోర్నియాలో ప్రభుత్వ పరీక్షకుడి ముందు బండి నిలబెట్టాలి. పెట్టిన ఇంజిన్ కారు కన్నా పాతదై ఉండకూడదు, దాని పొగ నియంత్రణ పరికరాలన్నీ దానితోనే రావాలి. మన దగ్గర ఇంకా కఠినం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటే గట్టిగా చెప్పింది. ఆర్‌సీలో ఉన్న ఇంజిన్ నంబరు, బోనెట్ కింద ఉన్న నంబరు వేరైతే ప్రమాదం జరిగిన రోజున బీమా దగ్గర కూడా చిక్కే. మీ పాత బండికి వేరే ఇంజిన్ వేయాలన్న ఆలోచన ఉంటే ముందు రవాణా కార్యాలయంలో ఏది కుదురుతుందో కనుక్కోండి, అనుమతి కాగితం చేతికొచ్చాకే మొదటి బోల్టు విప్పండి.