తుపాను ఒక్కటే - నష్టం ఒక్కలా ఎందుకుండదు?

1977 నవంబరు 19. బంగాళాఖాతంలో పుట్టిన పెనుతుపాను కృష్ణా డెల్టాను తాకింది. సముద్రం సుమారు 5 మీటర్ల ఎత్తున లేచి దివిసీమ మీద విరుచుకుపడింది. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి తీరగ్రామాలు కొట్టుకుపోయాయి. దాదాపు 10,000 మంది చనిపోయారని లెక్కకట్టారు.

1990 మే 9న ఇంచుమించు అదే తీరాన్ని మరో పెనుతుపాను తాకింది. బలంలో అది మొదటిదానికి తీసిపోదు. అయినా ఈసారి చనిపోయినవారు దాదాపు వెయ్యి మంది. ఇంత తేడా ఎలా వచ్చింది? అది తెలియాలంటే ముందు ఉప్పెన సంగతి తెలుసుకోవాలి.

ఉప్పెన ఎలా వస్తుంది?

తుపాను నడిమి భాగంలో గాలి పీడనం బాగా తక్కువ. పీడనం ఒక మిల్లీబారు తగ్గితే అక్కడ సముద్రమట్టం సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఈ లెక్కన పీడనం 70 మిల్లీబార్లు తగ్గినా నీరు పెరిగేది 70 సెంటీమీటర్లే. మిగతా ఎత్తు చాలావరకు గాలి పనే. గంటకు 200 కిలోమీటర్ల వేగంతో వీచే గాలి నీటిని ఒడ్డువైపు తోస్తుంది. తీరం దగ్గర సముద్రం లోతు తక్కువైతే, ఆ నీరు అడుగునుండి వెనక్కు పోయే వీలులేక పైకి లేస్తుంది. దివిసీమ నేల పల్లం. అందుచేత నీరు ఊళ్ళ మీదికి వచ్చేసింది.

ఇంతవరకు ప్రకృతి చేసే పని. కాని ఆ నీటికి ఎవరు చిక్కుతారన్నది ప్రకృతి ఒక్కటే నిర్ణయించదు. నిప్పురవ్వ ఇసుకమీద పడితే ఆరిపోతుంది. గడ్డివామిమీద పడితే వామి అంతా తగలబడుతుంది. తుపాను నిప్పురవ్వ వంటిది. మనుషులు బతికే తీరును బట్టి అది విపత్తుగా మారుతుంది. ఇలా దెబ్బకు లొంగిపోయే స్థితినే శాస్త్రజ్ఞులు 'సామాజిక దుర్బలత్వం' అంటారు.

ఒకే ఊరు - రెండు ఇళ్ళు

ఒక తీరగ్రామాన్ని ఊహించుకోండి. ఊరి మధ్య మెరకమీద ఒక డాబా ఇల్లు, సముద్రపు ఒడ్డున ఒక జాలరి తాటాకు గుడిసె ఉన్నాయి. గుడిసె అక్కడే ఎందుకుంది? పడవ, వల కంటికి ఎదురుగా ఉండాలి. మెరకమీద స్థలం కొనే స్తోమతు అతనికి లేదు.

ఊరు విడిచి వెళ్ళమని దండోరా వేశారు. డాబావారు తలుపులు బిగించుకుని బయలుదేరతారు. జాలరికి కాలు కదలదు. అప్పుచేసి కొన్న వల పోతే రేపు తిండి ఎలా? నడవలేని ముసలితల్లిని ఎలా తీసుకుపోవాలి? అతని ఆలస్యానికి కారణం తెలివితక్కువతనం కాదు, పేదరికం.

ఏం మారింది?

1977లో పల్లెలకు ఉపగ్రహం ద్వారా హెచ్చరికలు అందించే ఏర్పాటు లేదు. తలదాచుకోడానికి గట్టి కట్టడాలూ అరుదు. ఆ ఉప్పెన తరువాత తీరం పొడవునా తుపాను షెల్టర్లు కట్టారు. 1990 నాటికి ఇన్సాట్ ఉపగ్రహం సాయం కూడా వచ్చింది. ముందుగానే 6 లక్షలమందికి పైగా ప్రజలను సురక్షిత స్థలాలకు చేర్చారు. ప్రాణాలు దక్కినది అందువల్లనే.

కాని షెల్టరు అన్నిటినీ కాపాడలేదు. 1996 నవంబరు 6న కోనసీమను తాకిన తుపానులో వేటకు వెళ్ళిన జాలరులు ఎందరో తిరిగిరాలేదు. నడిసముద్రంలో ఉన్నవారు ఏ షెల్టరుకు చేరగలరు?

తుపాను వెలిశాక కూడా తేడాలు తీరవు. నవంబరు అంటే వరి కోతకు వచ్చే కాలం. ఉప్పునీరు నిలిస్తే పంట పోతుంది. భూమి గలవానికి కనీసం నేల మిగులుతుంది. కౌలురైతుకు అప్పు మిగులుతుంది. పట్టా అతని పేరున ఉండదు కనుక నష్టపరిహారం చేతికందడమూ కష్టమే. ఆ అప్పు తీరకముందే మరో తుపాను వస్తే, అతను మొదటిసారికంటె బలహీనంగా దానిని ఎదుర్కోవాలి.

మీరు చేసి చూడండి

మీది తీరగ్రామమైతే ఊరి పటం గీయండి. పల్లం ఎక్కడ? షెల్టరు ఎంత దూరం? ఎవరి ఇంట్లో నడవలేని వారున్నారు? ఎవరికి ఫోను, రేడియో లేవు? వాటిని గుర్తులతో చూపండి. గుర్తులు ఎక్కువగా ఉన్న వీధి ఏదో చూసి, ఆ పటాన్ని మీ ఉపాధ్యాయుని ద్వారా పంచాయతీకి ఇవ్వండి. హెచ్చరిక వచ్చినప్పుడు బండి మొదట వెళ్ళవలసింది ఆ వీధికే.