జల్లెడలో నిలిచినది, క్రింద రాలినది
సంఘపు లెక్కల వడపోతను గూర్చి సభ్యులు తెలిసికొనవలసిన విషయములు

ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘముల లెక్కలు కాగితపు పుస్తకములనుండి కంప్యూటరులోనికి మారుచున్నవి. 2022 సం॥ జూన్ 29వ తేదీన కేంద్ర మంత్రివర్గము 63,000 సంఘముల లెక్కలను కంప్యూటరున కెక్కించుటకు 2,516 కోట్ల రూపాయల వ్యయముతో ఒక పథకమును ఆమోదించినది. 1904 సం॥న సహకార పరపతి సంఘముల చట్టము వెలువడిన నాటినుండి చిట్టా, ఆవర్జాలతో సాగిన వ్రాతపని యిపుడు క్రొత్త త్రోవ పట్టినది. ఈ మార్పువలన రైతునకు కలుగు లాభమేమి, అతడు జాగరూకుడై యుండవలసిన తావు లెవ్వి యను విషయము నిచట వివరింతుము.

చిట్టాలోని ప్రతి పద్దునకును తేది, సభ్యుని సంఖ్య, పేరు, రసీదు సంఖ్య, జమయో ఖర్చో, ఎంత మొత్తమో అను అంశము లుండును. ఇట్టి పద్దులు వేలకొలది చేరినపుడు అది ముడి లెక్క యగును. కళ్లమున రాశిపోసిన ధాన్యమందు గింజయు, తాలును, దుమ్మును కలిసియున్నట్లే ముడి లెక్కయందు సరియైన పద్దులును, తప్పు పద్దులును, రెండుమార్లు పడిన పద్దులును కలిసియుండును. వానినుండి మనకు కావలసిన వానిని మాత్రమే వేరుచేసి చూపుటను వడపోత యందురు. కంప్యూటరు పనివారు దీనినే ఫిల్టరు అని వాడుచున్నారు. గడువు దాటిన బాకీ లెవ్వి, ఎరువుల పద్దున ఎంత రావలసియున్నది, ఫలాని సభ్యుడు ఏయే తేదీలలో చెల్లించినాడు అని యడిగినచో, పూర్వము గుమాస్తా పుటలన్నియు త్రిప్పి చెప్పవలసిన దానిని యంత్రము క్షణములో చూపును. ఇది గొప్ప సౌకర్యమే.

అయితే జల్లెడకు వివేకము లేదు. దాని కన్నములు ఎట్లున్నవో అట్లే అది పనిచేయును. తేది తప్పుగా నున్నచో నిజాయితీపరుడైన రైతు బాకీదారుల పట్టికకెక్కును. నిజమైన బాకీదారుడు పట్టికనుండి జారిపోవును.

ఒక దృష్టాంతమును చూతము. ఒక రైతు 2024 సం॥ జూలై 10వ తేదీన 50,000 రూపాయల పంటఋణము తీసికొని, 2025 సం॥ మార్చి 31 గడువు కాగా, మార్చి 10వ తేదీననే పూర్తిగా చెల్లించినా డనుకొందము. 2024-25 సం॥న 3 లక్షల రూపాయల వరకు స్వల్పకాలిక పంటఋణములకు వడ్డీ నూటికి 7. గడువులోగా చెల్లించినవారికి అందులో నూటికి 3 తగ్గింపు కలదు. ఈ రైతు అప్పు వాడుకొన్న 243 దినములకు ఆ తగ్గింపు రమారమి 999 రూపాయలగును. ఇపుడు గుమాస్తా 10/03/2025 అని తేది వేసినాడు. ఆ కంప్యూటరు అమెరికా పద్ధతిని నెలను ముందుగా చదువునట్లు అమర్చబడియున్నచో, అది మార్చి 10గా గాక అక్టోబరు 3గా గ్రహించును. గడువు దాటినవారిని చూపుమన్నపుడు ఈ రైతు పేరును చూపును. తప్పు కనిపెట్టువారు లేనిచో తగ్గింపు పోవును. మరుసటి పంటకు అప్పు పుట్టుటయు కష్టమగును.

25/03/2025 అని వేసినచో మరియొక చిక్కు. ఇరువదియైదవ నెల లేదు గావున యంత్రము దానిని తేదిగా నెంచక వట్టి అక్షరములుగా నుంచును. అట్టి పద్దు గడువు లోపలివారిలోను కానరాదు, గడువు దాటినవారిలోను కానరాదు.

ఇట్టి దోషమును పట్టుకొనుటకు ఒక సులభోపాయము కలదు. జల్లెడలో నిలిచినదియు క్రింద రాలినదియు కలిపినచో పోసిన రాశికి సరిపోవలయును. మొత్తము 1,240 చెల్లింపు పద్దు లున్నవనుకొందము. గడువు లోపలివి 1,105, గడువు దాటినవి 92 అని వచ్చినచో, రెండును కలిసి 1,197 మాత్రమే. తక్కిన 43 పద్దు లేమైనవి? వానిని వెదకినచో చెడిన తేదీలు బయటపడును. పద్దుల సంఖ్యవలెనే రూపాయల మొత్తమును గూడ ఇట్లే సరిచూడవలయును.

వడపోత పద్దులను దాచునే గాని చెరిపివేయదు. దాగిన పద్దులు పట్టికలో నుండనే యుండును. ఎక్సెల్ పట్టికయందు సమ్ అను సూత్రముతో కూడినచో దాగిన పద్దులు గూడ మొత్తములో చేరును. సబ్‌టోటల్ అను సూత్రము వడపోతలో నిలిచినవానినే కూడును. ఈ భేదము నెరుగని వాడు కన్నులయెదుటి పద్దులకు ఒక మొత్తమును, కాగితముపై మరియొక మొత్తమును చూపి సభ్యులను కలవరపెట్టును.

పేరునుబట్టి వడపోయుటయు క్షేమము కాదు. వెంకటేశ్వరరావు అని ఒకచోట కలిపియు, వెంకటేశ్వర రావు అని మరియొకచోట విడదీసియు వ్రాసినచో యంత్రమునకు వారిరువురు వేర్వేరు మనుష్యులు. సభ్యుని సంఖ్యనుబట్టియే వడపోయవలయును. ఖాతా సంఖ్యల విషయమునను జాగ్రత్త యవసరము. వానిని అంకెలుగా నెక్కించినచో ఎక్సెల్ ముందున్న సున్నలను తీసివేయును. 15 అంకెలు దాటిన సంఖ్యలో ఆపైవానిని సున్నలుగా మార్చును. కావున వానిని మొదటనే అక్షరములుగా నుంచునట్లు గడిని అమర్చుకొనవలయును.

రెండుమార్లు పడిన పద్దులను తొలగించునపుడు మరింత మెలకువ కావలయును. ఒక సభ్యుడు ఉదయమున రెండు బస్తాల యూరియా కొని, సాయంకాలము మరల రెండు బస్తాలు కొన్నచో తేదియు, పేరును, మొత్తమును ఒక్కటియే; అయినను అవి రెండు నిజమైన పద్దులు. రసీదు సంఖ్యను గూడ సరిచూడక తొలగించినచో సంఘమునకు నష్టము. ఇట్టి పనులన్నియు నకలు ప్రతిపై చేయవలయునే గాని అసలు ముడి లెక్కను ముట్టరాదు. విత్తనపు గింజలను వేరుగా భద్రపరచు రైతునకు ఈ మాట విశదముగా చెప్పనక్కరలేదు.

సభ్యులు కంప్యూటరు విద్య నేర్వకున్నను తమ హక్కును కాపాడుకొనవచ్చును. చెల్లించిన ప్రతిసారియు రసీదు పుచ్చుకొని, దానిపై నెల పేరును అక్షరములలో వ్రాయించుకొనవలయును. గడువునకు ముందే సంఘమునకు పోయి తమ ఖాతాలో ఆ తేది యెట్లు నమోదైనదో చూచుకొనవలయును. మహాజనసభయందు బాకీదారుల పట్టిక చదువబడినపుడు, మొత్తము పద్దులెన్ని, పట్టికకెక్కిన వెన్ని, ఎక్కని వెన్ని, ఈ రెండును కలిసి మొత్తమునకు సరిపోవుచున్నవా యని కార్యదర్శిని మర్యాదగా అడుగవలయును. లెక్క సరిగానున్న కార్యదర్శికి ఈ ప్రశ్నకు బదులుచెప్పుట రెండు నిమిషముల పని.